క్లచ్ లేని బండికి మాస్టరు

మా డ్రైవింగ్ స్కూల్లో చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మాట ఒకటే. ఎడమ కాలి చెప్పు విప్పి బయట పెట్టండి. క్లచ్ సంగతి చెప్పుకు తెలియదు, పాదానికే తెలుస్తుంది. ఆదోనిలో ఇరవై ఆరేళ్లుగా ఇదే చెబుతున్నాను. పత్తి వ్యాపారుల పిల్లలు, బ్యాంకు ఉద్యోగాల ఆడవాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, అందరూ నా దగ్గర అట్లాగే నేర్చుకున్నారు. మా ఆఫీసు గడప ముందు ఎప్పుడు చూసినా రెండు మూడు ఒంటి చెప్పులు పడి ఉంటాయి. కొత్తవాళ్లు చూసి, జతలో రెండోది కుక్క ఎత్తుకుపోయిందేమో అనుకుంటారు.

అలివేలమ్మ మేడమ్ కూడా మొదటి రోజు బుద్ధిగా ఎడమ కాలి చెప్పు విప్పి, కారు బయట పెట్టి, స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కిందికి చూసుకున్నారు. మళ్లీ నా వైపు చూశారు.

"రేయ్ కేశవులూ, ఈ కాలుతో ఇప్పుడేం చెయ్యాల?"

నేనూ వంగి చూశాను. రెండే పెడళ్లు ఉన్నాయి. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. బ్రేకు మామూలు దానికన్నా వెడల్పుగా, చిన్న పీట మాదిరి ఉంది. క్లచ్ ఉండాల్సిన చోట ఖాళీ. గేరు రాడ్డు ఉండాల్సిన చోట పీ, ఆర్, ఎన్, డీ, ఎస్, ఎల్ అని అక్షరాలు.

కారు ఆటోమేటిక్ అని మేడమ్ ఫోన్‌లో చెప్పనే చెప్పారు. "అట్లనే మేడమ్, అదేమంత పని" అని నేనూ అన్నాను. ఆటోమేటిక్ కారు ఎట్లా ఉంటుందో అంతవరకు లోపల కూర్చొని చూడలేదన్న మాట మాత్రం చెప్పలేదు.

"దాన్ని రెస్ట్‌లో పెట్టండి మేడమ్" అన్నాను.

"రెస్ట్‌లో పెట్టడానికి చెప్పు ఇప్పాల్నా?"

"గాలి తగుల్తాది మేడమ్."

ఆమె ముప్పై తొమ్మిదేళ్ల కిందట మున్సిపల్ హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, హోంవర్కు పుస్తకం ఎద్దు తినిందని నేను చెప్పినప్పుడు చూశారే, అదే చూపు చూశారు. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. లెక్కల టీచరుగా కొత్తగా చేరారు. ఆ సంవత్సరం నాకు లెక్కల్లో పద్దెనిమిది మార్కులు వేశారు. తర్వాత నేను బడి మానేసి మా నాయన పత్తి అంగట్లో కూర్చొని, ఆ అంగడి జీపు మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆమె తప్పేం లేదు. పద్దెనిమిదికి సరిపడానే రాశాను నేను.

సంగతి ఏమిటంటే, ఆ కారు వాళ్లబ్బాయి అచ్యుత్‌ది. ఎమ్మిగనూరులో బ్యాంకులో పని చేస్తాడు. కొత్త కారు కొంటున్నాడు. పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దాం అనుకుంటుంటే, మేడమ్ "అది నాకియ్యి, నేను నడుపుకుంటా" అన్నారు. అచ్యుత్ నవ్వాడట. అరవై మూడేళ్లకు కొత్తగా డ్రైవింగా అన్నాడట. లైసెన్సు ఆమెకు ఎప్పుడో ఉంది. తీసుకున్నాక బీరువాలో పెట్టారు, అంతే. చివరికి ఒక షరతు పెట్టాడు. "మూడు వారాలు టైము. మూడో ఆదివారం ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు మా ఇంటికాడికి నువ్వు నడుపుకోని రా. వస్తే బండి నీది. లేకుంటే సోమవారం షోరూము వాళ్లకు ఇచ్చేస్తా. పట్టు పట్టొద్దు మల్ల."

ఆమె పట్టుదలకు కారణం నాకు రెండో రోజు తెలిసింది. వాళ్లాయన శ్రీపాదరావు గారు ఆంజనేయస్వామి గుళ్లో అర్చకులుగా చేసి మానుకున్నారు. నలభై ఏళ్లు ప్రతి గురువారం బస్సెక్కి మంత్రాలయం పోయివచ్చిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి, బస్సు మెట్టు ఎత్తు ఎక్కలేక, ఏడాదిగా మానేశారు. గురువారం వస్తే పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకొని, ఎక్కడికీ పోకుండా అరుగు మీద కూర్చుంటారు. అచ్యుత్ తీసుకుపోతానంటాడు. గురువారం వాడికి సెలవుండదు. డ్రైవరును పెట్టుకోమంటే, "నా గురువారానికి ఇంకొకని తీరిక చూసుకోవాల్నా?" అంటారు ఆయన.

"బండి ఉంటే నేను తీసకపోతా. అంతే రా కేశవులూ, నాకింకేం వద్దు" అన్నారు మేడమ్.

ఆ మాట విన్నాక నాకు ఆటోమేటిక్ రాదని చెప్పి తప్పుకోవడానికి మనసు రాలేదు. చెప్పడానికి నోరు కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం చేశాక ఫోన్‌లో వీడియోలు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. కొన్ని హిందీలో, కొన్ని కన్నడంలో. పీ అంటే పార్కింగ్, ఆర్ అంటే రివర్స్. అంతవరకు బాగానే ఉండేది. అక్కడికి రాగానే నిద్ర పట్టేది. మా ఆవిడ ఉమాదేవి అన్నం గిన్నెలు తీస్తూ తీస్తూ నా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఏంది, ఫీజు కట్టి నేర్చుకునేది మేడమా, నువ్వా?"

"ఊరికే చూస్తాండా."

"ఊరికే చూస్తే నోట్సు ఎందుకు రాసుకుంటాండావు? ఒక పని చెయ్యి. మన బోర్డు మీద నీ పేరు కింద స్టూడెంట్ అని రాయించు."

"నువ్వు గమ్మున ఉండు."

"ఉంటాలే. పరీక్ష ఎప్పుడో చెప్పు, పెరుగు చెక్కెర పెడతా."

రోజూ పొద్దున ఆరున్నరకు క్లాసు. నాది ఎడమ సీటు. మా స్కూలు బండిలో ఎడమ వైపు నాకూ ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. స్టూడెంట్ తప్పు చేస్తే నా కాలే కాపాడుతుంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. మేడమ్ కారులో నా కాళ్ల కింద రబ్బరు పట్టా మాత్రమే ఉంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా నా రెండు కాళ్లూ ఆ పట్టాను తొక్కేవి. నోరు దానంతట అదే "హాఫ్ క్లచ్! హాఫ్ క్లచ్!" అని అరిచేది.

"లేని క్లచ్చులో సగం ఎంత రా?" అనేవారు మేడమ్, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "సున్నాలో సగం సున్నానే. తొమ్మిదిలో చెప్పినా నీకు."

నిజం చెప్పాలంటే నేను నేర్పిందేమీ లేదు. ఆమె ముందే చదివి వచ్చేవారు. కారుతో వచ్చిన పుస్తకానికి బ్రౌన్ పేపరు అట్ట వేసి, పైన లేబుల్ అంటించి, లోపల పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకున్నారు. నేను చేసిందల్లా పక్కన కూర్చొని "అద్దం చూడండి, హారన్ కొట్టండి, ఆటోవాణ్ణి నమ్మొద్దండి" అనడమే. అది మాత్రం ఏ బండికైనా పనికొస్తుంది.

రెండో వారం ఒకరోజు పత్తి మార్కెట్ యార్డు రోడ్డులో పడ్డాం. సీజను కదా, పత్తి ట్రాక్టర్లు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉన్నాయి. మూడు అడుగులు కదలడం, ఆగడం. ఇంకో రెండు అడుగులు, ఆగడం. ఆ రోడ్డులో క్లచ్ తొక్కీ తొక్కీ నా స్టూడెంట్లు ఏడ్చిన రోజులు ఉన్నాయి. మేడమ్ డీలో పెట్టి, బ్రేకు మీద కాలు కొంచెం వదులు చేస్తే చాలు, బండి దానంతట అదే నిండు గర్భిణి మాదిరి మెల్లగా నడిచింది. తొక్కితే ఆగింది. ఇరవై నిమిషాలు ఆమె ఒక్క కాలితో, ఒక్క చెమట బొట్టు లేకుండా, పక్క ట్రాక్టర్ ఆయనతో పత్తి ధర ఎట్లుందని మాట్లాడుతూ నడిపారు. నేను లోలోపల ఇది మంచి బండే అనుకున్నాను. పైకి మాత్రం, "గేరు మార్చకుంటే డ్రైవింగ్ చేసినట్ల ఉండదు మేడమ్" అన్నాను.

"నాకు డ్రైవింగ్ చేసినట్ల ఉండాల్సిన పని లేదప్పా. పోతే చాలు. డీ ఉండగా మిగతావాటితో నాకేం పని? సరే, నువ్వు మాస్టరువు కదా, ఎస్ అంటే ఏందో చెప్పు."

వీడియోలో అక్కడికి రాకముందే నిద్రపోయేవాణ్ణని చెప్పాను కదా. ధైర్యం చేశాను.

"స్లో మేడమ్."

"ఎల్?"

"లాంగ్. దూరం పోయేటప్పుడు వేస్తారు."

ఆమె బండిని పక్కకు తీసి, పీలో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీశారు. రిటైరైనా ఆ పెన్ను బ్యాగులోనే ఉంది. నా నోట్సు పుస్తకం తీసుకొని, 'ఎస్ అంటే స్పోర్ట్, ముందు బండిని దాటాలంటే ఊపు కోసం. ఎల్ అంటే లో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు' అని రాసి, కింద ఆరుకు నాలుగు అని వేశారు.

"పాసైనావు లే. మొహం అట్ల పెట్టుకోవద్దు" అన్నారు. "అయినా నువ్వెప్పుడూ ఈ బండి తోలి చూపియ్యలేదే?"

"నేర్చుకునేది మీరు కదా మేడమ్. నేను తోలితే మీకేం వస్తాది?"

ఆమె నవ్వి పెన్ను బ్యాగులో పెట్టుకున్నారు.

మూడో ఆదివారం వచ్చింది. పొద్దున తొమ్మిదికి బయలుదేరాం. మేడమ్ స్టీరింగ్ ముందు, నేను పక్కన, వెనక శ్రీపాదరావు గారు. ఆయన ఒళ్లో మనవడి కోసం చేసిన నిమ్మకాయ చిత్రాన్నం, పెద్ద స్టీలు డబ్బా నిండా. డబ్బా మూత లూజు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకొని దేవుడి విగ్రహం తీసుకుపోతున్నట్టు కూర్చున్నారు. "గుండె దడగా ఉందా?" అని అడిగాను మేడమ్‌ను. "నీకుందా?" అన్నారు.

ఆరేకల్ దాటాం. ఎదురుగా పత్తి ట్రాక్టర్లు, రోడ్డు మొత్తం మాదే అన్నట్టు వస్తున్నాయి. మేడమ్ ఒక్క చోట కూడా తడబడలేదు. ఒక చోట లారీ వెనక చాలాసేపు నడిచి, రోడ్డు ఖాళీ కాగానే ఎస్‌లోకి జరిపి, ఒక ఊపులో దాటి, మళ్లీ డీలోకి వచ్చారు. నా వైపు చూసి, "స్లోగా పోయినానా?" అన్నారు. వెనక నుంచి శ్రీపాదరావు గారు నవ్విన చప్పుడు వినిపించింది.

కోటేకల్ ఇంకా రాకముందు టీ అంగడి దగ్గర ఆపాం. ఎమ్మిగనూరు ఇక పది పన్నెండు కిలోమీటర్లు. గెలిచినట్టే అనుకున్నాం. టీ తాగుతూ శ్రీపాదరావు గారు పాపం మంచి మనసుతోనే అన్నారు.

"మూడు వారాల నుంచి మాస్టరు పక్కన కూర్చునేదే చూస్తాండాను. ఒకసారి మాస్టరు తోలితే ఎట్లుంటాదో చూడాలనుంది నాకు."

"వద్దులే స్వామీ, మేడమ్ గారి పరీక్ష కదా ఈ పొద్దు."

"ఒక్క రెండు కిలోమీటర్లు తోలు లే" అన్నారు మేడమ్. "ఊరు వచ్చేలోపల నేను తీసుకుంటా. ఏం, భయమా?"

భయమా అని ఎవరైనా ఒక డ్రైవింగ్ మాస్టరును అడగకూడదు. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. మేడమ్ ఎడమ సీట్లోకి వచ్చి, అట్ట వేసిన పుస్తకం ఒళ్లో పెట్టుకున్నారు. డీలో వేశాను. కదిలింది. అరే, ఎంత సులువు అనుకున్నాను. అర కిలోమీటరు వెన్న మాదిరి పోయింది. సీట్లో వెనక్కి వాలాను. ఒక చెయ్యి కిటికీ మీద పెట్టాను.

అప్పుడు రోడ్డు పక్క నుంచి గొర్రెల మంద దిగింది.

ఏముంది, గేరు దించాలి. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పనే. నా ఎడమ కాలు నన్ను అడగలేదు. తన క్లచ్ ఎక్కడుంటుందో అక్కడికి పోయి, పూర్తి బలంతో తొక్కింది. అక్కడున్నది ఆ పీట మాదిరి బ్రేకు.

బండి కొయ్యకు కట్టేసినట్టు నిలబడిపోయింది. గొర్రెలన్నీ క్షేమం. మేడమ్ బెల్టు పెట్టుకున్నారు, ఆమెకూ ఏమీ కాలేదు. వెనక బెల్టు పెట్టించింది కూడా మేడమే, అందుకని శ్రీపాదరావు గారికీ ఏం కాలేదు. చిత్రాన్నానికి బెల్టు లేదు. డబ్బా నా సీటుకు తగిలి, మూత లేచిపోయి, సగం నా తల మీద, సగం మెడ మీద, మిగిలింది చొక్కా లోపల పడింది.

"స్వామీ, దెబ్బ తగిలిందా?" అని అరిచాను.

"నాకేం కాలేదప్పా" అన్నారాయన. డబ్బా వైపు చూసి, "చిత్రాన్నమే" అన్నారు బాధగా.

కంగారులో నేను చేసిన రెండో పని, కీ తిప్పి బండి ఆపేయడం. బండి ఆగిందంటే కీ తిప్పేయడం నా అలవాటు. గొర్రెలు పోయాక మళ్లీ కీ తిప్పాను. మీటర్లో లైట్లు వెలిగాయి. ఇంజను మాత్రం ఉలకలేదు, పలకలేదు. మళ్లీ తిప్పాను. టిక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"బ్యాటరీ పోయింది" అన్నాను.

"రేయ్, ఒక నిమిషం ఆగు" అంటూ మేడమ్ పుస్తకం తెరిచారు.

"మీరు ఎండలో ఉండొద్దండి మేడమ్, ఆ చెట్టు కింద కూర్చోండి. ఇది పుస్తకంలో ఉండే సంగతి కాదు. నేను చూసుకుంటా."

ఆమె ఒకసారి నన్ను పై నుంచి కింది దాకా చూసి, చిత్రాన్నం ఎక్కడెక్కడ అంటుకుందో చూసుకొని, పుస్తకం పట్టుకొని భర్తను మెల్లగా నడిపించుకుంటూ వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నారు.

నేను బానెట్ ఎత్తాను. లోపల ఏముందో చూశాను. అంతా ఉంది. అప్పుడే వెనక నుంచి పత్తి ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు దూకి పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టరా! మీరేనా? నేను, మీ ఉరుకుందుని, పోయినేడు మీ కాడ నేర్చుకుంటి కదా, హొళగుంద ఊరోన్ని."

వీడే రావాలా అనుకున్నాను.

"ఏమయింది మాస్టరా? తలంతా పసుపయింది?"

"బ్యాటరీ పోయిందప్పా."

"అంతేనా! తోద్దాం. మీరే నేర్పింటిరి గదా. రేయ్, రండ్రా అందరూ!"

పత్తి మూటల మీద కూర్చున్న నలుగురు దిగి వచ్చారు. ఉరుకుందు వెనక చేరి చేతులు వేసి, నాకు నేను నేర్పిన పాఠమే చెప్పాడు. "సెకండ్ గేరేసి క్లచ్ తొక్కి పట్టుకోండి మాస్టరా. నేను హా అంటానే వదలండి."

"క్లచ్ లేదప్పా."

"లేదా?" వాడు కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. "ఎవురు పీకినారు మాస్టరా?"

"ఎవరూ పీకలేదు, ఇది ఆటోమేటిక్."

"ఆటోమేటిక్కైతే దానంతటదే స్టార్టు కావాల్నే?"

 "తోయండి, చూద్దాం" అన్నాను. సెకండ్ గేరు లేదు కాబట్టి ఎల్‌లో పెట్టాను. ఐదుగురూ "హైస్సా" అని తోశారు. బండి కదిలింది. ఉరుకుందు "హా!" అన్నాడు. ఎడమ కాలు ఎత్తాను, దేని మీద నుంచి ఎత్తానో నాకే తెలియదు. ఏమీ కాలేదు. మళ్లీ తోశారు. మళ్లీ హా. మళ్లీ ఏమీ కాలేదు. వంద గజాలు తోశాక ఒకతను రోడ్డు పక్కన కూర్చొని, "పత్తి మూటలే మేలు రా అప్పా" అన్నాడు.

టైము చూశాను. పదిన్నర దాటింది. చెట్టు కింద శ్రీపాదరావు గారు కండువాతో విసురుకుంటున్నారు. నాకు భయం పట్టుకుంది. ఫోన్ తీసి అచ్యుత్‌కు చేశాను.

"అచ్యుత్, బండి ఆగిపోయింది నాయనా. కోటేకల్ కాడ. స్టార్ట్ కావడం లేదు."

"అనుకుంటానే ఉన్నానన్నా" అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "మా అమ్మ వల్ల కాదని చెప్తే ఎవరూ వినరు. నాయన్ను ఎండలో కూర్చోబెట్టినారా? సరే. షోరూము ప్రేమ్ కుమార్ ఈడనే ఉన్నాడు, కొత్త బండి కాగితాల మీద సంతకాలకు వచ్చినాడు. వాళ్లోళ్లనే పంపించి బండి ఎత్తుకుపొమ్మంటా. సోమవారం దాకా ఎందుకు, ఈ పొద్దే అయిపోతాది."

నేను ఏదో చెప్పబోయేలోపు పెట్టేశాడు. తిరిగి చూస్తే మేడమ్ వెనకే నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"ఎవరు తోలుతుంటే ఆగిందో చెప్పినావా?"

నేను నేల చూశాను.

ఆమె డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. పుస్తకం తెరిచి, పెన్సిల్ గీత ఉన్న చోట వేలు పెట్టి, అందరికీ వినబడేటట్టు చదివారు. పీలో గానీ, ఎన్‌లో గానీ ఉంటేనే ఇంజను స్టార్ట్ అవుతుంది. వేరే దేంట్లో ఉన్నా కాదు. బండి తోసి స్టార్ట్ చేయడానికి ప్రయత్నించవద్దు.

ఉరుకుందు, వాడి నలుగురూ నా వైపు చూశారు.

ఆమె బ్రేకు మీద కాలు పెట్టి, రాడ్డును ఎల్ నుంచి పీలోకి జరిపి, కీ తిప్పారు. ఇంజను ఏమీ జరగనట్టు మెత్తగా మొదలైంది.

"మాస్టరా," అన్నాడు ఉరుకుందు, చేతులు దులుపుకుంటూ, "ఈ మేడమ్ గారు మీ కాడనే నేర్చుకునిరా?"

"ఆమె నా టీచర్ అప్పా" అన్నాను.

మిగతా దారి మేడమే తోలారు. మేడమ్ మొహంలో కోపం ఉంటే బాగుండు అనిపించింది. లేదు. ఊళ్లోకి వచ్చాక ఆటోలు, చీరల మూటలు కట్టిన స్కూటర్లు, బస్టాండు దగ్గర అడ్డం తిరిగిన బస్సు, అన్నీ దాటించారు. అచ్యుత్ ఇంటి ముందు గేటు దాకా ఎత్తైన సిమెంటు ర్యాంపు ఉంది. కింద ఆపి, ఎల్‌లో పెట్టి, ఒక్క కుదుపు లేకుండా ఎక్కించి, పీలో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగారు.

అచ్యుత్ అప్పుడే బైకు బయటికి తీస్తున్నాడు. బైకు అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. వెనక వరండాలో ప్రేమ్ కుమార్ కాఫీ గ్లాసుతో లేచి నిలబడ్డాడు. అచ్యుత్ భార్య దీపశ్రీ లోపల నుంచి వచ్చి మామగారి చెయ్యి పట్టుకుంది.

"ఎట్ల వస్తిరి? ఎవరు బాగు చేసినారు?" అన్నాడు అచ్యుత్.

 శ్రీపాదరావు గారు ఏదో చెప్పబోతే, మేడమ్ మోచేత్తో మెల్లగా పొడిచారు. ఆయన నోరు మూసుకున్నారు.

"సరే, వచ్చినారు, సంతోషం" అన్నాడు అచ్యుత్. "కానీ అమ్మా, ఈ పొద్దు కేశవులన్న పక్కన ఉన్నాడు. రేపు నువ్వూ నాయనా ఇద్దరే మంత్రాలయం దారిలో పోయేటప్పుడు ఇట్లనే నిలిచిపోతే? అన్నా, నీది ఇన్నేళ్ల అనుభవం. నువ్వు చెప్పు. నువ్వేమంటే అదే. మా అమ్మకు బండి ఇయ్యొచ్చునా?"

అందరూ నన్నే చూశారు. మేడమ్ మాత్రం చూడలేదు. ఆమె గేటు మీద బోగన్‌విలియా పూలు చూస్తున్నారు. తరగతిలో ఎవరైనా సుద్దముక్క దాస్తే ఇట్లాగే కిటికీలోంచి బయటికి చూసేవారు. దాచినవాడు తనంతట తను లేచేదాకా పేరు పెట్టేవారు కాదు. పీరియడ్ అంతా అయినా సరే.

ఒక మాట తేలిగ్గా అనొచ్చు. 'ఇంకో నెల నేర్చుకుంటే మంచిది' అంటే చాలు. నా పేరు నిలుస్తుంది. ఎమ్మిగనూరులో నాకు స్టూడెంట్లు ఉన్నారు, ఈ ప్రేమ్ కుమార్ కొత్త కార్లు కొన్నవాళ్లను నా దగ్గరికి పంపుతుంటాడు. మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే చొక్కా లోపల నుంచి ఒక వేరుశనగ బద్ద జారి నడుము దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆపింది మీ అమ్మ కాదు అచ్యుత్" అన్నాను. "తోలింది నేను. క్లచ్ అనుకోని బ్రేకు తొక్కినా. డీలో పెట్టి బండి ఆపేసి, బ్యాటరీ పోయిందన్నా. ఐదు మందితో వంద గజాలు తోపించినా. స్టార్ట్ చేసింది మీ అమ్మ. నాకు ఆటోమేటిక్ రాదు. మూడు వారాల నుంచీ రాదు. ఆమెకే వచ్చు."

 దీపశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదా అన్నా," అంది, "చెవి మీద కరివేపాకు ఎందుకుందా అని ఇందాకటి నుంచీ అనుకుంటాండాను."

మొదట నవ్వింది శ్రీపాదరావు గారు. తర్వాత ప్రేమ్ కుమార్, నవ్వుతూనే కాఫీ చొక్కా మీద పోసుకున్నాడు. అచ్యుత్ బైకుకు స్టాండు వేశాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ర్యాంపు మీద టైర్లు ఎంత నేరుగా ఉన్నాయో చూశాడు. లోపలికి పోయి, రెండో తాళంచెవి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"కేశవులన్నను మాత్రం తోలనియ్యొద్దు" అన్నాడు.

"నేర్పిస్తా లే" అన్నారు మేడమ్. అప్పుడు నా వైపు చూశారు. "ఇంత చెప్పడానికి ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది రా నీకు. ఆ ఎద్దు నిజంగా తినిందా నీ పుస్తకం?"

"లేదు మేడమ్" అన్నాను.

అచ్యుత్ నా చొక్కా ఉతికించి పంపిస్తానన్నాడు. వాడిచ్చిన టీషర్టు వేసుకొని బస్సులో ఆదోనికి వచ్చాను. టీషర్టు పొట్ట దగ్గర పట్టలేదు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, పెరుగూ చక్కెర గిన్నె చేతికిచ్చింది. "పరీక్ష అయినాక తినిపించినా దోషం లేదంట" అంది. ఉరుకుందు ఫోన్ చేసి చెప్పేశాడని తర్వాత తెలిసింది.

ఆ గురువారం నన్నూ రమ్మన్నారు. పొద్దున ఆరింటికే శ్రీపాదరావు గారు పంచె కట్టుకొని అరుగు మీద కూర్చొని ఉన్నారు. కారు వచ్చి ముందర ఆగగానే, కర్ర ఆనించుకొని తనంతట తనే లేచి, కారు మెట్టు ఎంత కిందికి ఉందో చూసి, "ఇదేం ఎత్తు లేదే" అంటూ ఎక్కి కూర్చున్నారు. దారంతా ఆయన కిటికీ అద్దం దించి పెట్టుకున్నారు. ఏడాది తర్వాత చూస్తున్నారు కదా, కనిపించిన ప్రతి మైలురాయినీ చదువుకుంటూ వచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు, ఊరికి దూరంగా ఖాళీ రోడ్డు మీద మేడమ్ ఆపారు. ఆమె దిగి ఎడమ సీట్లోకి వచ్చారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమన్నారు.

"ఎడమ కాలి చెప్పు ఇప్పి బయట పెట్టు."

"ఎందుకు మేడమ్? క్లచ్ లేదు కదా?"

"ఇప్పు, చెప్తా."

విప్పాను.

"ఆ కాలు మడిచి సీటు మీద పెట్టు. సగం బాసింపట్టు. ఆ, అట్ల. ఆ కాలు కిందికి దిగిందా, సున్నా మార్కులు."

వెనక శ్రీపాదరావు గారు ఏదో సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఈసారి ఆయన ప్రసాదం డబ్బా మూతను కండువాతో రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేస్తున్నారు.

"ఇంగ పద మాస్టరా" అన్నారు.

డీలో పెట్టాను.